కరెంటు కనబడదు కాబట్టి దేవుడున్నాడా?

కార్తీక మాసం ప్రవచనాల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఈ మైకు దేనితో పనిచేస్తోంది? కరెంటుతో. తీగలో కరెంటు మీకెవరికైనా కనబడుతోందా? కనబడదు. కనబడనంత మాత్రాన లేదంటామా? భగవంతుడూ అంతే!" జనం తలలూపుతారు, చప్పట్లు కొడతారు. చెప్పేవారు మంచివారే, చదువుకున్నవారే. ఒకరి దగ్గర విన్నది ఇంకొకరు చెబుతారు, అలా అది ఊరూరా తిరుగుతూ ఉంటుంది.

నేను సర్వీసంతా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబు చెప్పాను. పుట్టింది తర్కశాస్త్రం పాఠం చెప్పే ఇంట్లో. దేవుడి దగ్గర దీపం పెట్టకుండా కాఫీ తాగే అలవాటు నాకు ఈ వయసుకీ రాలేదు. ఆ పోలిక విన్నప్పుడు మాత్రం కూర్చున్న చోట కుదురుగా ఉండలేను. కరెంటు ఉందని మనకు ఎలా తెలిసిందో ఆ మాట చెప్పదు. దేవుడు ఉన్నాడని పెద్దలు ఏ ఆధారంతో అన్నారో కూడా చెప్పదు. రెండు పెద్ద ప్రశ్నలను ఒక చప్పట్ల మోతలో దాటించేస్తుంది. ఆ రెండు ప్రశ్నలతోనే నా జీవితం గడిచింది కాబట్టి వాటిని ఇక్కడ కాస్త నిదానంగా విప్పి చూస్తాను.

ముందు కరెంటు సంగతి. అసలు కరెంటు కన్నా మంచి ఉదాహరణ నిరోధం. కరెంటు కనీసం ముట్టుకుంటే షాకు కొడుతుంది. తీగలోని నిరోధం కంటికి, చెవికి, చర్మానికి దేనికీ తగలదు. మొదటి సంవత్సరం పిల్లల మొదటి ప్రయోగం అదే. బల్ల మీద ఒక నైక్రోమ్ తీగచుట్ట, బ్యాటరీ, రియోస్టాట్, వరసలో ఒక ఆమీటరు, చుట్ట రెండు చివరలకు అడ్డంగా ఒక వోల్ట్‌మీటరు. వోల్ట్‌మీటరు ముల్లు 12 దగ్గర, ఆమీటరు ముల్లు 2 దగ్గర నిలుస్తాయి. పిల్లలు రికార్డులో 12ను 2తో భాగించి 6 ఓమ్‌లు అని రాస్తారు. 12ను 2తో గుణించి 24 వాట్లు అని రాస్తారు. సంతకం కోసం వస్తారు.

"ఆరు ఎక్కడ కనిపించింది?" అని అడిగేదాన్ని. రెండు ముళ్లనూ మార్చిమార్చి చూసేవాళ్లు. ఆరు ఏ మీటరు మీదా లేదు. తెలివైనవాడు ఒకడు మల్టీమీటరు తీసుకొచ్చి, "ఇదిగో మేడమ్, ఇందులో ఓమ్‌లు నేరుగా కనిపిస్తాయి" అనేవాడు. మల్టీమీటరు చేసేదీ ఆ పనే. తన లోపలి బ్యాటరీ నుంచి కాస్త కరెంటు పంపుతుంది, ఎంత వోల్టేజి పడిందో చూస్తుంది, లోపలే లెక్క కట్టి అంకె చూపిస్తుంది. ఆమాటకొస్తే ఆమీటరు మీద చూసింది కూడా కరెంటును కాదు. అయస్కాంతం మధ్య ఒక సన్నని చుట్ట తిరిగితే దానికి అంటించిన ముల్లు కదిలింది. కళ్లతో చూసింది ముల్లునే. మిగతాదంతా ఊహించి తెలుసుకున్నదే.

ఊహ అంటే తేలికగా తీసుకోకూడదు. మా నాన్నగారు దాన్ని అనుమానం అనేవారు. సందేహమనే వాడుక అర్థంలో కాదు, ఒక ప్రమాణంగా, అంటే నిజం తెలుసుకునే సాధనంగా. సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో నలుగురైదుగురు విద్యార్థులకు ఆయన తర్కసంగ్రహం చెబుతుంటే నేను పప్పులో రాళ్లు ఏరుతూ వినేదాన్ని. ఆ పుస్తకం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు వాడు, మన తెలుగువాడు. కొండమీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని తెలుసుకోవడం అందులోని పాఠం. దానికి ఐదు అంగాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల రికార్డు తెచ్చి నాన్నగారికి చూపించాను. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గానీ ఓమ్ సూత్రం తెలియదు. విషయమంతా విని, "దీన్ని ఐదు ముక్కల్లో చెప్పు చూద్దాం అమ్మాయ్" అన్నారు.

చెప్పాను. ఈ తీగకు ఆరు ఓమ్‌ల నిరోధం ఉంది. ఎందుకంటే 12 వోల్టులకు రెండు ఆంపియర్లే పోతున్నాయి. ఎక్కడెక్కడ వోల్టేజికీ కరెంటుకూ మధ్య ఈ నిష్పత్తి నిలకడగా ఉంటుందో అక్కడక్కడ అంత నిరోధం ఉంటుంది, మా ల్యాబులో స్టాండర్డ్ పెట్టెలోని ఆరు ఓమ్‌ల చుట్టకు ఉన్నట్టు. ఈ తీగా అలాంటిదే. కాబట్టి దీనికీ అంతే.

నాన్నగారు మూడో ముక్క దగ్గర ఆపేశారు. "నిలకడగా అన్నావే, ఆ నిలకడ ఎవరు చూశారు? ఎన్ని చోట్ల చూశారు? పొగకూ నిప్పుకూ ఉన్న జోడును మనవాళ్లు వంటింట్లో రోజూ చూశారు. మరి ఇది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే నేను గియోర్గ్ సైమన్ ఓమ్ దగ్గరికి వెళ్లాను. అప్పటిదాకా ఆయన పేరు నాకు ఒక యూనిట్ మాత్రమే. జర్మనీలో ఎర్లాంగెన్ ఊళ్లో 1789లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు, తనంత తాను లెక్కలు నేర్చుకుని పిల్లలకు నేర్పాడు. ఓమ్ కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేస్తూ, బడిలోని పరికరాలతోనే ప్రయోగాలు చేశాడు. 1825లో మామూలు రసాయన బ్యాటరీతో మొదలుపెడితే అది కుదురుగా ఉండేది కాదు. కలిపిన కాసేపటికే దాని బలం మారిపోయేది. కొలిచిన మార్పు తీగ వల్ల వచ్చిందో, బ్యాటరీ వల్ల వచ్చిందో తేలేది కాదు. అప్పుడు పోగెండార్ఫ్ అనే పత్రికా సంపాదకుడు ఒక సలహా ఇచ్చాడు. రెండు లోహాలను అతికి, ఒక అతుకును వేడిగా, ఒక అతుకును చల్లగా ఉంచితే కరెంటు పుడుతుందని సీబెక్ 1821లో కనిపెట్టి ఉన్నాడు, దాన్ని వాడి చూడమన్నాడు.

ఓమ్ బిస్మత్, రాగి కలిపి ఒక అతుకును మరిగే నీళ్లలో, మరో అతుకును మంచులో పెట్టాడు. మరిగే నీళ్ల వేడి మారదు, కరిగే మంచు చలీ మారదు. కాబట్టి కరెంటును నెట్టే బలం మారదు. ఇక మార్చాల్సింది తీగ ఒక్కటే. ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు, అన్నిటికంటే చిన్నది 2 అంగుళాలు, పొడుగైనది 130 అంగుళాలు. తీగకు పైన ఒక అయస్కాంతపు సూదిని సన్నని లోహపు పట్టీతో వేలాడదీశాడు. కరెంటుకు సూది పక్కకు తిరిగితే, పట్టీని పైనుంచి మెలిపెట్టి సూదిని మళ్లీ యథాస్థానానికి తెచ్చేవాడు. ఎంత మెలిపెట్టాల్సి వచ్చిందో అదే కరెంటు కొలత. 1826 జనవరిలో ఒక తీగ తరవాత ఒక తీగ పెట్టి, మళ్లీ వెనక్కి వెళ్లి, మరో రోజు మళ్లీ పెట్టి చూశాడు. తీగ పొడుగుకు ఒక స్థిరమైన అంకె కలిపి, ఇంకో స్థిరమైన అంకెను దానితో భాగిస్తే సూది చెప్పిన కొలత వచ్చింది. ఆ కలిపిన అంకె తీగది కాదు, మిగతా సర్క్యూట్‌ది. ఇవాళ మనం లోపలి నిరోధం అంటాం. తను చూడాలనుకోనిది కూడా లెక్కలోకి వచ్చి కూర్చుంటే, దానికి ఒక చోటిచ్చి విడిగా చూపించాడు.

నాన్నగారు ఈ కథ విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "వ్యాప్తి అంటే అలా పట్టాలి" అన్నారు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉన్నట్టు, ఒకటి ఉన్నచోటల్లా రెండోది తప్పకుండా ఉండడమే తర్కంలో వ్యాప్తి. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఓమ్ 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా ఆదరణ దొరకలేదు. ప్రకృతిని తత్వచింతనతోనే పట్టుకోవాలి, కొలతలతో గణితంతో కాదు అనుకునే హెగెల్ మార్గం వాళ్లు అప్పుడు బలంగా ఉన్నారు. వాళ్లలో ఒకరు ఆ పుస్తకాన్ని చాలా కటువుగా విమర్శించారు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది 1841లో. 1854లో చనిపోయాడు.

ఓమ్ కన్నా ముందే ఈ దారిలో నడిచినవాడు హెన్రీ కావెండిష్. 1781లో ఉప్పునీళ్లు నింపిన గాజు గొట్టాల గుండా లీడెన్ జాడీల్లో నిలవచేసిన విద్యుత్తును పంపి, మధ్యలో తన శరీరాన్నే పెట్టుకున్నాడు. రెండు గొట్టాల్లో దేని షాకు గట్టిగా ఉందో తన చేతులతోనే పోల్చుకున్నాడు. ఆయన అచ్చు వేయించలేదు. వందేళ్లకు మాక్స్‌వెల్ ఆ కాగితాలు వెతికి తీసి 1879లో ప్రకటిస్తే, ఓమ్ చెప్పిన సూత్రం వాటిలో అప్పటికే ఉంది. ప్రత్యక్షమే ప్రమాణం, మిగతాది నమ్మనన్న చార్వాకులు ఉంటే కావెండిష్‌ను చూసి సంతోషించేవారేమో. కానీ ఆయన చేతికి తెలిసింది కూడా షాకే. నిరోధం ఆయనకూ అనుమానంతోనే తెలిసింది.

ప్రవచనంలో "కరెంటు కనబడుతోందా?" అన్న ప్రశ్న వెనక ఇదంతా ఉంది. కనబడనిదాన్ని మనం నమ్మింది కనబడలేదు కాబట్టి కాదు, అది కనబడే వస్తువులను ఎలా కదిలిస్తుందో పట్టి పట్టి చూసిన తరవాత. మరిగే నీళ్లు, మంచు, ఎనిమిది తీగలు, మెలిపెట్టిన పట్టీ. ఇన్ని ఉంటే తప్ప రాని నమ్మకాన్ని ఒక మైకు చూపించి తెచ్చేసుకోవడం ఆ బడిపంతులు కష్టానికి మర్యాద కాదు.

ఇక అసలు చిక్కు. వ్యాప్తి దొరికినంత మాత్రాన సరిపోదని తార్కికులకు బాగా తెలుసు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది గానీ, నిప్పు ఉంటే పొగ ఉండాలని లేదు. ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుతో పొగ రావాలంటే పచ్చికట్టె తోడవ్వాలి. ఆ పచ్చికట్టెను ఉపాధి అన్నారు. హేతువు పక్కన కనబడకుండా నిలబడి పనిచేసే షరతు. దాన్ని చూసుకోకపోతే అనుమానం చెడిపోతుంది. మన న్యాయశాస్త్రం, అంటే నైయాయికుల తర్కశాస్త్రం, ప్రపంచానికి ఇచ్చినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ జాగ్రత్తే.

ఓమ్ సూత్రానికీ ఉపాధి ఉంది. పాత రకం 60 వాట్ల బల్బు తీసుకోండి. 230 వోల్టుల దగ్గర అది తీసుకునేది 0.26 ఆంపియరు. భాగిస్తే నిరోధం 880 ఓమ్‌ల పైచిలుకు. అదే బల్బును హోల్డరు నుంచి తీసి, చల్లారాక మల్టీమీటరు పెడితే 60, 70 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. పదో వంతుకన్నా తక్కువ! మీటరు చెడిపోలేదు, బల్బూ చెడిపోలేదు. వెలుగుతున్నప్పుడు ఆ టంగ్‌స్టన్ తీగ వేడి 2,500 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వేడెక్కినకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. వేడి మారనంతవరకు అన్న షరతు సూత్రం పక్కన నిలబడి ఉంది. రికార్డులో ఆ ముక్క రాయని పిల్లల చేత మళ్లీ రాయించేదాన్ని.

ఇక్కడ పిల్లలు కలిపేసుకునే సంగతులు రెండున్నాయి. వోల్టేజిని కరెంటుతో భాగించడం ఎప్పుడైనా చేయవచ్చు, దేనికైనా ఒక అంకె వస్తుంది. ఆ అంకె మారకుండా నిలుస్తుందా అనేది వేరే ప్రశ్న. మొదటిది మనం పెట్టుకున్న లెక్క. రెండోది ప్రకృతి ఒప్పుకోవాల్సిన మాట. లెక్క కుదిరింది కాబట్టి ప్రకృతి ఒప్పుకుందని అనుకుంటే దెబ్బ తినేది ఇక్కడే.

దెబ్బ అంటే నిజమైన దెబ్బే. డెల్టాలో మాకు తెలిసిన రైతు ఒకాయన, ఎండాకాలం దాళ్వా నీళ్లప్పుడు మోటారు కాలిపోయిందని వచ్చారు. మా స్టూడెంటు ఒకడు ఆయనకు ధైర్యం చెబుతున్నాడు: "లో వోల్టేజీకి మోటారు కాలదండీ. వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది కదా, ఓమ్ సూత్రం." ఆయన వాడివైపు జాలిగా చూసి, "బాబూ, లో వోల్టేజీ వచ్చినప్పుడే మోటారు మూలుగుతుంది, అప్పుడే వేడెక్కుతుంది, అప్పుడే కాలుతుంది. నాకు తెలిసి ఎప్పుడూ అంతే" అన్నారు. ఆయన మాటే నిజం. తిరుగుతున్న మోటారు తనలోనే ఎదురు వోల్టేజి పుట్టించుకుంటుంది. బయటి వోల్టేజి తగ్గితే తిరుగుడు మందగించి, ఆ ఎదురు తగ్గుతుంది, నీళ్ల బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మా వాడి అనుమానానికి ఉపాధి తెలియదు. రైతుకు ఓమ్ తెలియదు గానీ ఉపాధి తెలుసు.

పవర్ లెక్కలోనూ అంతే. ఒకే దిక్కున పారే డీసీ కరెంటులో వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వాట్లు. మన లైన్లలో వచ్చేది అటూ ఇటూ ఊగే ఏసీ కరెంటు. ఐదు హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు 415 వోల్టుల మీద లైనుకు 7.5 ఆంపియర్లు తీసుకుంటే, ఫేజుల లెక్క 1.732తో కలిపి గుణిస్తే 5,390 దాకా వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే నిజంగా ఖర్చయ్యే పవర్ 4,300 వాట్లే. వోల్టేజీ కరెంటూ ఒకే క్షణంలో శిఖరానికి చేరకపోవడం ఆ తేడాకు కారణం. గుణకారం తప్పు కాదు. గుణించేవాళ్లు ఏ షరతు కింద గుణిస్తున్నారో తెలుసుకోవాలి, అంతే.

ఇంతకీ నిరోధం ఉందా? ఉంటే ఎక్కడుంది? నాన్నగారితో నాకు ఎక్కువ వాదన జరిగింది దీని మీదే. నైయాయికుల లెక్కలో ద్రవ్యం ఉంటుంది, దాన్ని ఆశ్రయించి గుణం ఉంటుంది. రాగికి ఎరుపు ఎలాగో నిరోధమూ అలాగే అని ఆయన అనేవారు. నేను లైడెన్‌లో 1911లో జరిగింది చెప్పాను. కామర్లింగ్ ఆనెస్ పాదరసాన్ని సున్నాకు 269 డిగ్రీల కిందికి చల్లబరిస్తే దాని నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. పాదరసం అక్కడే ఉంది. గుణం ఏమైంది? ఇంకొకటీ చెప్పాను. 1980లో క్లాజ్ ఫాన్ క్లిట్జింగ్ చాలా చలిలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో, సిలికాన్ పలకలో అడ్డంగా పుట్టే వోల్టేజిని కరెంటుతో భాగిస్తే 25,812.807 ఓమ్‌లు, లేదా అందులో సరిగ్గా సగం, మూడో వంతు, నాలుగో వంతు ఇలా మెట్లుగా వచ్చాయి. పలక పొడుగు, వెడల్పు, అందులోని మలినాలు వేటితోనూ దానికి పని లేదు. వస్తువు ఏదైనా అదే అంకె. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె అది. కొలతల ప్రయోగశాలలు ఇప్పుడు ఓమ్‌ను దానితోనే సరిచూసుకుంటాయి. ఇది ఏ ద్రవ్యపు గుణం?

"అయితే నువ్వు నాగార్జునుడి పక్షం చేరావన్నమాట" అన్నారు నాన్నగారు. దేనికీ తనంత తానుగా స్వభావం లేదు, ఒకదాన్ని ఆనుకునే ఇంకొకటి ఉందని చెప్పిన ఆచార్యుడు, మన కృష్ణ ఒడ్డు కొండతో పేరు ముడిపడినవాడు. నిరోధం అంటే వోల్టేజికీ కరెంటుకూ మధ్య సంబంధం మాత్రమే అంటే నాగార్జునుడు ఒప్పుకుంటాడనే నాకు అనిపిస్తుంది. కానీ సంబంధం మాత్రమే అన్నంత మాత్రాన అది లేనట్టు కాదు. బౌద్ధులలోనే ధర్మకీర్తి సత్తకు ఒక గీటురాయి పెట్టాడు. ఏదైనా పని చేయగలిగితే అది ఉన్నట్టు. నాకు ఆ మాట నచ్చుతుంది. 1,500 వాట్ల వాటర్ హీటరు రాడ్డు 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, నిరోధం 35 ఓమ్‌లు. బకెట్లో పది లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు రావాలంటే 8,37,000 జౌళ్ల పైచిలుకు వేడి కావాలి. 1,500తో భాగిస్తే తొమ్మిది నిమిషాల పైన. బకెట్ పోగొట్టుకునే వేడి కూడా కలుపుకుంటే పది. గడియారం పెట్టి చూడండి, పది నిమిషాలకు స్విచ్ ఆపి నీళ్లలో చెయ్యి పెట్టండి. మీటర్లతో కట్టిన లెక్కకు, మీటర్ల గురించి ఏమీ తెలియని నీళ్లు సాక్ష్యం చెబుతాయి. జౌల్ 1840ల మొదట్లో ఈ సాక్ష్యాన్నే సేకరించాడు.

అనుమానం నిలబడేది ఇలాంటి రెండో సాక్షి దొరికినప్పుడే. ఒక జ్ఞానం సరైనదని దానంతట అది తెలియదు, దాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తే తెలుస్తుంది అని నైయాయికులు అన్నదీ దీన్నే.

ఇప్పుడు దేవుడి దగ్గరికి రావచ్చు. ఈశ్వరుడు అనుమానంతో సిద్ధిస్తాడని గట్టిగా వాదించినవాడు మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు, వెయ్యేళ్ల కిందటివాడు. న్యాయకుసుమాంజలి ఆయన గ్రంథం. కుండ కార్యం, దానికి కుమ్మరి కర్త. భూమీ, మొలకా కూడా కార్యాలే, కాబట్టి వాటికీ ఒక కర్త ఉండాలి. అదొక్కటే కాదు, ఇంకా ఎన్నో హేతువులు చెప్పాడు. నాన్నగారు ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకుని తెరిచేవారు.

ఈ వాదానికి జవాబు నాస్తికులే చెప్పారనుకుంటాం. నాకు అన్నిటికంటే బలంగా తోచిన జవాబు చెప్పింది రామానుజాచార్యుడు. బ్రహ్మసూత్రాల మూడో సూత్రం మీద శ్రీభాష్యంలో ఆయన ఉదయనుడి తరహా వాదాన్ని ఒక్కొక్క ముడీ విప్పుతాడు. మనం చూసిన కర్తలందరికీ శరీరం ఉంది. వాళ్ల శక్తికి హద్దుంది. పెద్ద మేడ కట్టడానికి ఒకడు చాలడు, ఎందరో కావాలి. సముద్రాలనూ పర్వతాలనూ ఎవరైనా తయారు చేస్తుంటే మనం చూడలేదు, అవన్నీ ఒకేసారి ఒక్కరి చేతిలోనే పుట్టాయనీ చూడలేదు. చూసినదాన్ని బట్టి పోతే దొరికేది శరీరం, హద్దులు ఉన్న కర్తలే. సర్వజ్ఞుడైన ఒక్క ఈశ్వరుడు దొరకడు. కాబట్టి భగవంతుణ్ణి తెలుసుకోవడానికి శాస్త్రమే ప్రమాణం అని ఆయన తేల్చాడు. శంకరాచార్యుడు కూడా అంతకు ముందరి సూత్రం దగ్గర అనుమానాన్ని వేదవాక్యానికి సాయంగా నిలబెట్టాడే గానీ, ముందుపీట వేయలేదు. దేవుణ్ణి ప్రాణంగా చూసుకున్న ఆచార్యులే ఆయన అనుమానానికి దొరకడన్నారు. ఆ మాటలో ఉన్న నిజాయితీ నన్ను కదిలించింది.

ల్యాబు భాషలో చెబితే ఓమ్ దగ్గర ఎనిమిది తీగలున్నాయి, మన దగ్గర ఒక్క ప్రపంచమే ఉంది. కర్త ఉన్న ప్రపంచాన్ని ఒకటి, లేని ప్రపంచాన్ని ఒకటి పక్కపక్కన పెట్టి సూది చూడలేం. ఉపాధి ఏదో తెలుసుకోవాలంటే ఒకదాన్ని మార్చి మిగతావి ఆపి ఉంచాలి. ఇక్కడ మార్చేవాళ్లం, మారేవి, కొలిచేవి అన్నీ ఆ ఒక్కదానిలోనే ఉన్నాయి. రెండో సాక్షి లేడు. అందుకని కరెంటును తెలుసుకున్న దారిలో దేవుణ్ణి తెలుసుకోలేం. దేవుడు లేడని కూడా ఆ దారిలో తేలదు. నైయాయికులు యోగ్యానుపలబ్ధి అన్నారు. బల్ల మీద కుండ ఉంటే కనిపించి తీరాలి, కనిపించలేదు కాబట్టి లేదు అనవచ్చు. కనిపించే యోగ్యతే లేనిదాన్ని కనిపించలేదు కాబట్టి లేదనడం చెల్లదు. ఈ ఆయుధాన్ని ఉదయనుడే నాస్తికుల మీద వాడాడు. నా దృష్టిలో ఆ వాదం ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు.

ఇదంతా పండితుల గొడవ, ప్రవచనం వినే జనానికి ఒక పోలిక చాలదా అని మా చెల్లెలు అంటుంది. చాలదని నేను తెలుసుకున్నది పిల్లల దగ్గర. చిన్నప్పటి నుంచి ఆ మైకు ఉదాహరణ విని పెరిగిన కుర్రాడు ఒకడు, ప్రయోగం అయ్యాక నా బల్ల దగ్గర నిలబడి అడిగాడు: "మేడమ్, కరెంటు కనబడదు గానీ ఇవాళ కొలిచాం. దేవుణ్ణి కొలిచే మీటరు ఏది?" వెటకారంగా అడగలేదు. కళ్లలో నీళ్లున్నాయి. ఆ నెలలోనే వాళ్ల అమ్మ పోయింది. వాడి నమ్మకాన్ని మనం ఒక పోలిక మీద నిలబెట్టాం. పోలికను వాడు నిజాయితీగా చివరిదాకా లాగితే అది తెగింది. తప్పు వాడిది కాదు.

వాడికి ఆరోజు ఇక్కడ రాసినంతా చెప్పలేదు. "నాన్నా, అలాంటి మీటరు లేదు. ఉంటుందని చెప్పినవాళ్లు ఆలోచించకుండా చెప్పారు. మీ అమ్మ దేవుడికి దణ్ణం పెట్టింది మీటరు చూసి కాదు కదా" అన్నాను. వాడు కాసేపు బల్ల మీది తీగచుట్టను తిప్పుతూ నిలబడి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

నాన్నగారికి ఈ సంగతి చెప్పినప్పుడు, నేను రామానుజుల వైపు వెళ్లిపోయానని కోపం చేస్తారనుకున్నాను. ఆయన కుసుమాంజలి తెచ్చి మొదటి స్తబకం, అంటే మొదటి అధ్యాయం, మొదట్లోని ఒక కారిక (శ్లోకం) దగ్గర వేలు పెట్టారు. అక్కడ ఉదయనుడు తన పని ఏమిటో తానే చెప్పుకున్నాడు. ఈశ్వరుడి గురించి విన్న తరవాత చేయాల్సిన మననమే ఈ న్యాయచర్చ అనీ, ఇది ఉపాసనే అనీ. ముందు శ్రవణం, ఆ తరవాతే తర్కం. ఏమీ వినని, ఏమీ నమ్మనివాడి చేత కొలతతో ఒప్పించే పని కాదిది. నమ్మినవాడు తన బుద్ధిని కూడా పువ్వుల్లా దోసిట పట్టి సమర్పించడం. పుస్తకానికి ఆ పేరు అందుకేనని నాన్నగారు అన్నారు.

ఉదయనుడు అంతవరకే అన్నాడంటే నేను పూర్తిగా ఒప్పుకోను. మిగతా స్తబకాల్లో ఆయన ప్రతిపక్షాన్ని ఓడించాలనే వాదించాడు, గెలిచాననే రాశాడు. నాన్నగారు దీనికి చెప్పిన సమాధానాలు నాకు చాల్లేదు, నా ఆక్షేపణలు ఆయనకు చాల్లేదు. అయినా ఆ కారిక చూసిన దగ్గరనుంచి ఉదయనుణ్ణి నేను వేరేగా చదువుతున్నాను. ప్రవచనం చెప్పేవారు ఎవరైనా మా ఇంటికి వస్తే ఆ పేజీ తీసి చూపిస్తాను. మైకూ తీగా పక్కన పెట్టి, మీరు విన్నది చెప్పండి, మీ గురువుగారి దగ్గర, మీ అమ్మగారి దగ్గర విన్నది చెప్పండి అని అడుగుతాను. కరెంటు సంగతి మా ల్యాబులో పిల్లలు మీటర్లు పెట్టి చెబుతారు.